ఒడ్డున కేక

ప్రేమ్‌కుమార్ ఆ మాట నవ్వుతూ అన్నాడు. అందుకని గంగరత్నం కూడా ముందు నవ్వింది.

"ఇంకొక్కసారి బండి ఖాళీగా తిరిగొస్తే ఇక నా చేతుల్లో ఏమీ ఉండదు పిన్నీ."

రేకుల షెడ్డు కింద ఆడవాళ్లు వరసగా పీటల మీద కూర్చుని రొయ్యల తలలు తీస్తున్నారు. బొటనవేలితో తల కింద ఒక్క నొక్కు. తల ఒక తట్టలోకి, ఒళ్లు ఇంకో తట్టలోకి. కబుర్లలో ఉన్నా, కయ్యంలో ఉన్నా ఆ వేలు ఆగదు. గంగరత్నం వాళ్లకి మేస్త్రి. పెద్దవి, చిన్నవి, మెత్తబడ్డవి వేరు చేయించి, కంపెనీ బండి రాగానే ఐసు పొరల మధ్య పేర్పించడం ఆమె పని. ఆ ఐసు కూడా బండిలోనే రావాలి. కృష్ణ మీది పెనుమూడి వారధి దాటి అవతలి జిల్లా నుంచి వస్తుంది. ప్రేమ్‌కుమార్ ఆ బండితో వచ్చి సరుకు కొనే కంపెనీ మనిషి. తెనాలి కుర్రాడు, మంచివాడే. మంచివాళ్లు చెప్పే చెడ్డ కబుర్లే ఎక్కువ భయపెడతాయి.

"ఖాళీగా ఎందుకొస్తది బాబూ? మా పడవలు రోజూ పోతన్నాయిగా!"

"మొన్న పోయాయా? అంతకు ముందు నెల ఆ ముసలాయన పోయినప్పుడు పోయాయా?"

గంగరత్నం నవ్వు ఆగిపోయింది.

ఆ పల్లెలో ఎవరు పోయినా ఆ రోజు పడవ కదలదు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, తప్పినవాడూ లేడు. చావును మొదట చూసినవాళ్లు ఒడ్డుకొచ్చి కేక పెట్టాలి. కేక చెవినబడ్డ పడవ కదలకూడదు. పోయిందెవరు, ఎలా పోయారు అన్నది తర్వాత సంగతి, ముందు ఆగాలి. ఇదివరకు, కాలువ సముద్రంలో కలిసే మొగ దాటిపోయిన పడవలకి కేక వినబడేది కాదు గనక వాటికి దోషం ఉండేది కాదు. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ వెసులుబాటు కూడా పోయింది.

"చావులాపమని నేనంటానా పిన్నీ? అక్కడ ఫ్యాక్టరీలో మనుషులు మిషన్ల ముందు కూచుని ఉంటారు. సరుకు రాకపోతే పనుండదు. అవతలి రేవులో ఒక ఊరోళ్లు మానేస్తే ఇంకో ఊరోళ్లు పోస్తారు. ఇక్కడ మీరొక్కరేగా ఉంది."

"ఒకప్పుడు మేమొక్కరమే కాదు నాయనా," అంది గంగరత్నం.

అదీ నిజమే. ముందు రేపల్లెలో ఐసు ఫ్యాక్టరీ మూతబడింది. ఐసు దొరకని రేవుకి తెనాలి షావుకార్లు రావడం మానేశారు. షావుకార్లు రానిచోట ధర పలకదని పక్క పాలేలవాళ్లు పడవల్ని అవతలి రేవుకి మళ్లించారు. పడవలు పల్చబడ్డాయని వలల కొట్టాయన బాపట్ల వెళ్లిపోయాడు. కొట్టే లేనిచోట నాకేం పనని ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు ఆయన వెనకే నడిచాడు. ఎవరికి వాళ్లు తెలివైన పనే చేశారు. ఆ తెలివితేటలన్నీ కలిసి ఈ ఊరి మెడకు చుట్టుకున్నాయి.

ఇప్పుడిక మిగిలింది ఈ బండి ఒక్కటే. అదీ ఆగితే తామూ పోవాల్సిందేనని గంగరత్నం కొడుకు శివకృష్ణ ఎప్పట్నుంచో అంటున్నాడు. అవతలి రేవులో అద్దె గది కూడా చూసొచ్చాడు. అక్కడ ఆమె మేస్త్రి కాదు. ఎవరి షెడ్డులోనో చిట్టచివరి పీట.

*

"అడిగితే పోయేదేముంది?" అని పల్లె పెద్ద కాశీవిశ్వనాథం ఆమెను వెంటబెట్టుకుని తెనాలి బయల్దేరాడు. రేపల్లెలో రైలెక్కారు. ఒకప్పుడు ఆ రైల్లో చేపల గంపలతో ఒక పెట్టె నిండా తమవాళ్లే ఉండేవాళ్లు. వాసన భరించలేక బాబులు పక్క పెట్టెలోకి పోయేవాళ్లు. ఇప్పుడు కిటికీ పక్క చోటు ఎంచక్కా దొరికింది. గంగరత్నానికి ఆ చోటులో కూర్చోబుద్ధి కాలేదు.

రేపల్లె ఐసు ఫ్యాక్టరీ చలపతిరావుగారిది. కృష్ణా కాలువ కింద పొలాలున్న కుటుంబం. తెనాలిలో ఆయన ఇంటి వసారాలో ఇద్దరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి, భార్య వెంకటరత్నమ్మ కాఫీ ఇచ్చింది. ఆయన అంతా విన్నాడు. విసుక్కోలేదు, కసురుకోలేదు.

"నేను ఐసు ఆపాక పడవలు పోయాయంటావు నువ్వు. పడవలు పోయాకే ఐసు ఆపానంటాను నేను. ఇద్దరం నిజమే చెబుతున్నాం విశ్వనాథం."

"తమరు మళ్లీ మొదలెడితే పక్క పాలేలోళ్లు కూడా తిరిగొస్తారేమోనండి."

"వాళ్లొస్తే నేను రేపే మొదలెడతానయ్యా. మిషను తిరిగినా తిరక్కపోయినా కరెంటువాడికి కట్టేది కట్టాల్సిందే. పది ఊళ్ల పడవలుంటే ఆ బరువు పదిమంది మీద పడుద్ది. మీ ఒక్క ఊరిని నమ్ముకుంటే నా కొంప మునుగుద్ది."

"మరి ముందెవరండీ?" అని గంగరత్నం అడిగేసింది. పెద్దవాళ్ల మాటల మధ్య నోరు పెట్టానే అని వెంటనే పమిట సర్దుకుంది.

చలపతిరావు కోప్పడలేదు. కాఫీ గ్లాసు కింద పెట్టి, "అదేనమ్మా. అది తెలిస్తే ఇంకేం కావాలి?" అన్నాడు.

తిరుగుదారిలో రేపల్లెలో దిగి ఆటో కోసం నడుస్తుంటే ఆ పాత ఫ్యాక్టరీ కనబడింది. ఐసు దిమ్మలు గడ్డకట్టిన చోట ఇప్పుడు పెళ్లిళ్లు చేస్తున్నారు. గేటుకి పూల కమాను కట్టారు. ప్రహరీ పక్కన ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కూల్‌డ్రింకు సీసాల మీద పనివాళ్లు ఐసు ముక్కలు కుమ్మరిస్తున్నారు.

"ఆ ఐసు ఎక్కడిది బాబాయ్?"

"ఎక్కడిదేంటమ్మా. వారధి అవతలిదే," అన్నాడు కాశీవిశ్వనాథం.

*

దుర్గాంబ గంగరత్నం వాళ్ల పక్కింటి ముసలావిడ. వరసకి గంగరత్నానికి అత్త. మొగుడు ఎప్పుడో సముద్రంలో పోయాడు, పిల్లల్లేరు. గంప నెత్తిన పెట్టుకుని తెనాలి వీధుల్లో చేపలమ్మడం గంగరత్నానికి నేర్పింది ఆమే. దాన్ని మించి పల్లెలో ఆమెకున్న పేరు ఇంకోటి: ఊళ్లో ఎవరు పోయినా కేక ఆమెదే. చూసినవాళ్లు ముందు ఆమె దగ్గరికి పరుగెత్తేవాళ్లు. ఆమె ఒడ్డుకొచ్చి, చెంగు నడుముకి బిగించి గొంతెత్తిందంటే మొగ దగ్గర పడవ కూడా గిర్రున వెనక్కి తిరిగేది.

వారం నుంచి ఆ గొంతులో ఆయాసం తప్ప ఇంకేం లేదు. రేపల్లె ఆస్పత్రిలో మందులిచ్చి, వయసు మళ్లింది కదమ్మా అని పంపించేశారు. ఆ సాయంత్రం గంగరత్నం ఆమెను ఒళ్లో ఆనించుకుని చెంచాతో గంజి పోసింది.

"నేను పోతే కేకెవరు పెడతారే?"

"అప్పుడే ఎక్కడికి పోతావు గానీ, మింగు."

"చెప్పవే."

"నేను లేనూ? నేనే పెడతా."

ముసలామె నవ్వబోయి దగ్గింది. "నీ గొంతు పిచ్చికగొంతు. షెడ్డులో ఆడాళ్ల మీద అరవడానికి పనికొస్తది. మొగ దాకా వినబడాలే అమ్మాయ్." ఆయాసం తగ్గాక ఆమె గంగరత్నం చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. "గట్టిగా అరువు. ఒక్క పడవ కూడా కదలకూడదు. పిల్లాజెల్లా లేనిదాన్ని. ఊళ్లో అందరికీ నేను ఇప్పించిన మర్యాద, నాకూ ఆ ఒక్కటి దక్కనీ."

"దక్కుద్దిలే అత్తా," అంది గంగరత్నం, గంజి గిన్నె గీకుతూ.

బయటికొస్తే కాశీవిశ్వనాథం ఒడ్డున నిలబడి ఫోను చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. మాట్లాడటం లేదు, ఊరికే వింటున్నాడు. ఆమెను చూడగానే ఫోను రొంటిన దోపుకున్నాడు.

"ఎవరు బాబాయ్? ప్రేమ్‌కుమారా?"

"ఆఁ. ఏం లేదమ్మా. రేపు సరుకు బాగుండాలి. మీవాడికి చెప్పు, అన్ని పడవలూ దిగాలి రేపు."

*

తెల్లవారుతుండగా, నీళ్లు సముద్రంలోకి లాగే పాటు వేళకి పడవలు దిగుతాయి. శివకృష్ణ అప్పటికే వల సర్దడానికి పోయాడు. గంగరత్నం టీ గ్లాసు పట్టుకుని దుర్గాంబ గుమ్మంలో అడుగుపెట్టింది. పిలిచింది. దగ్గరికి పోయి నుదుటి మీద చెయ్యి వేసింది.

టీ ఒలికి కాలు మీద పడ్డా ఆమెకు వేడి తెలియలేదు.

ఏడుపు కడుపులోంచి ఎగదన్నుకుంటూ వచ్చింది. నోరు తెరిచింది కూడా. సరిగ్గా అప్పుడే ఒడ్డున మొదటి ఇంజను మొరాయించి, మళ్లీ తాడు లాగితే అందుకుంది. దాని వెనక ఇంకోటి. ఇంకోటి.

గంగరత్నం చెంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది.

ఇప్పుడు గుమ్మం దాటి ఒక్క కేక వేస్తే చాలు. పడవలాగుతాయి. మధ్యాహ్నం బండొచ్చి ఖాళీగా తిరిగిపోతుంది. ఇంకెప్పుడూ రాదు. వేయకపోతే? వేయకపోతే ఈ ముసల్దాన్ని దిక్కులేని శవంలా గదిలో పెట్టి తలుపు మూసినట్లే. ఎవరొస్తారు అడగడానికి? కొడుకులా, కూతుళ్లా? అడిగేవాళ్లు లేరన్న ధైర్యమేగా తనకి! ఆ సంగతి తెలిసేసరికి గంగరత్నానికి తన మీద తనకే రోత పుట్టింది. అయినా నోట్లో గుడ్డ తీయలేదు.

తలుపు గొళ్లెం లోపల్నుంచి వేసింది. ముసలామె కళ్లు మూసింది, గడ్డం కింద గుడ్డ కట్టింది, కాళ్లు చాపింది. చూరులో వేలాడుతున్న వలదారం ముక్క తెంపి కాలి బొటనవేళ్లు రెండూ దగ్గరికి చేర్చి కట్టింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఇంజన్ల చప్పుడు ఒకటొకటిగా మొగ వైపు సన్నబడింది. ఆఖరిది కూడా దాటాక ఆమె శవం పాదాల దగ్గర కూలబడి, "ఒక్క రోజత్తా, ఈ ఒక్క రోజు ఓర్చుకో," అంది.

*

పడవలు పోయినంత మాత్రాన పనవ్వలేదు. ఇప్పుడు చెబితే ఫోన్లు చేసి వెనక్కి పిలుస్తారు. వెనక్కి రాకపోయినా శవం లేచేదాకా ఆడవాళ్లు పీట ఎక్కరు. బండి నిండి కదిలేదాకా నోరు మెదపడానికి లేదు. అడుసు తొక్కాక ఇక కాలు ఎక్కడ పెట్టినా అడుసే.

షెడ్డులో కోడలు శ్రావణి చేతులు కడుక్కుంటూ లేచింది. "దుర్గాంబమ్మకి గంజి పోసొస్తా అత్తయ్యా."

"పోశాలే నేను. పడుకుంది."

"ఒకసారి చూసొస్తా..."

"పడుకుందన్నానా! ఇప్పుడే కళ్లు మూసింది, లేపమాక!"

శ్రావణి బిత్తరపోయింది. అత్తగారు ఎప్పుడూ అలా కసిరిన మనిషి కాదు. గంగరత్నం తల వంచుకుని నిన్నటి తట్టలు తోమడం మొదలుపెట్టింది. తోమినవే తోమింది. తలుపు వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. ఒకసారి కుక్క ఒకటి ఆ గుమ్మం ముందు చేరి వాసన చూస్తుంటే రాయి పుచ్చుకుని షెడ్డులోంచే విసిరింది. చుట్టూ ఆడవాళ్లు, "ఇవాళ మేస్త్రమ్మకి గాలి సోకిందే," అని నవ్వారు.

మధ్యాహ్నానికి పడవలొచ్చాయి. ఎన్నాళ్లకో గంగమ్మ తల్లి కరుణించింది. తట్టలు నిండి, గంపలు నిండి, చివరికి పరదాల మీద కుప్పలు పోశారు. తెల్ల రొయ్యలు అద్దంలా మెరుస్తున్నాయి. శివకృష్ణ తడి లుంగీతోనే తల్లి దగ్గరికొచ్చి, "చూశావా అమ్మా, ఇవాళ బండి పట్టదు!" అన్నాడు. కాశీవిశ్వనాథం కుప్పల చుట్టూ తిరుగుతూ ఫోనుతో ఫోటోలు తీశాడు. తీసినవి ఎవరికో పంపి, ఫోను వంక చూస్తూ నిలబడ్డాడు. మళ్లీ తీశాడు, మళ్లీ పంపాడు.

గంగరత్నం వేళ్లు ఆడుతున్నాయి. నొక్కు, తల, ఒళ్లు. తాను చేసింది వృథా పోలేదు. ఇంత సరుకు చూస్తే ప్రేమ్‌కుమార్ ఏమంటాడు? ఆమె మనసులోనే ముసలామె ముందు లెంపలు వేసుకుంది.

బండి వేళైంది. వేళ దాటింది. రోడ్డు మీద ఏ చప్పుడైనా తలలన్నీ అటు తిరిగేవి. ఒకసారి గడ్డి ట్రాక్టరు, ఒకసారి బడి పిల్లల ఆటో. పొద్దు వాలేకొద్దీ కుప్పల మెరుపు తగ్గింది. రొయ్యల తలలు నల్లబడటం మొదలైంది. చల్లడానికి ఊళ్లో పిడికెడు ఐసు లేదు.

"ఫోను చెయ్యి బాబాయ్!"

"తియ్యట్లేదమ్మా," అన్నాడు కాశీవిశ్వనాథం. ఆయన ఎవరి ముఖం వంకా చూడలేదు.

ఎవరో ఆడమనిషి లేచి, ముక్కు దగ్గర గుప్పెడు రొయ్యలు పెట్టుకు చూసి, మెల్లగా కుప్పలో వదిలేసింది. ఇక దాచి చేసేదేముంది? గంగరత్నం లేచింది. చేతులు కూడా కడుక్కోలేదు. తిన్నగా పోయి దుర్గాంబ తలుపు తెరిచి, ఒకసారి లోపలికి చూసి, ఒడ్డుకు నడిచి, గొంతెత్తి కేక పెట్టింది.

పిచ్చికగొంతే. అయినా పల్లె అంతా వినబడింది. ఆపాల్సిన పడవలు మాత్రం అప్పటికే ఒడ్డునున్నాయి.

*

జనం చేరారు. శ్రావణి వంగి దుర్గాంబ చెయ్యి పట్టుకుంది. కొయ్యలా బిగుసుకుపోయి ఉంది. ఆమె తలెత్తి అత్తగారిని చూసింది. చెయ్యి కింద పెట్టి నీళ్లు కాయడానికి పోయింది. తిట్టినా బాగుండేది.

కాళ్లు కట్టడానికి దారం పట్టుకొచ్చిన కాశీవిశ్వనాథం పాదాల దగ్గర ఆగిపోయాడు. ముడి అప్పటికే ఉంది. చాలాసేపు దానివంకే చూశాడు. మనుషులు పాడె కట్టే పనిమీద బయటికి కదిలాక అడిగాడు.

"ఎప్పుడు కట్టావమ్మా?"

"ఇంజన్లు లేచేటప్పుడు."

ఆయన గోడకు చేరగిలబడ్డాడు. గంగరత్నం ఆయన కాళ్ల మీద పడబోయింది. "నన్ను వెలేయండి బాబాయ్. బండి కోసం... ఈ ఒక్క రోజు బండి నిండితే చాలనుకుని..."

"లేవమ్మా. నిన్ను వెలేస్తే నన్నేం చెయ్యాలి?" ఆయన ఆమె భుజం పట్టి లేపాడు. "బండి రాదని నిన్న సాయంత్రమే ఫోన్లో చెప్పాడు ప్రేమ్‌కుమార్. ఇక ఎప్పుడూ రాదంట. నిన్నూ మొన్నా కాదు, చాన్నాళ్ల కిందే అనుకున్నారంట పైవాళ్లు. చావులు కాకపోతే ఇంకోటి దొరికేది వాళ్లకి."

"మరి ఆ ఫోటోలెందుకు బాబాయ్?" అంది గంగరత్నం.

"ఇంత సరుకు కళ్లబడితే మనసు మారుద్దేమోనని ఫోటోలు పంపా. నిన్ననే చెబితే పొద్దున ఒక్కడూ పడవ దించేవాడు కాదు. అందరూ మూటలు కట్టేవాళ్లు. ఒక్క రోజు ఆగి చెబుదాంలే అనుకున్నా."

ఆ ఒక్క మాట నిన్న చెప్పి ఉంటే పొద్దున తాను కేక పెట్టేది. పడవలాగేవి. ముసలామె అడిగిన మర్యాద ముసలామెకి దక్కేది. గంగరత్నం అదే అందామనుకుంది. అనే నోరు తనకెక్కడుంది?

మర్నాడు దుర్గాంబను సాగనంపారు. ఒక్క పడవా కదల్లేదు. అమ్ముడుపోని రొయ్యల్ని ఇసకలో ఎండబోస్తే కాకులు మూగాయి.

*

మూడో రోజు చిన్నదినం అయింది. ఆ మర్నాడే ప్రయాణం. బండి ఇక రాదని అందరికీ తెలిసింది. ఎవరూ పెద్దగా ఏడవలేదు, ఎవరితోనూ పోట్లాడలేదు. శివకృష్ణ పడవలో వలలతో పాటు గ్యాసు పొయ్యి, బియ్యం డబ్బా, చుట్టిన చాపలు చేరాయి. మగవాళ్లు ముందు పడవలతో అవతలి రేవుకి పోయి గదులు కుదుర్చుకుంటారు, ఆడవాళ్లు తర్వాత బస్సులో రావాలి.

"వారంలో వచ్చి తీసుకుపోతానమ్మా," అన్నాడు శివకృష్ణ, తల్లి ముఖం చూడకుండా.

తెల్లవారింది. నీళ్లు లాగుతున్నాయి. తాడు లాగితే మొదటి ఇంజను అందుకుంది. దాని వెనక ఇంకోటి. గంగరత్నం ఒడ్డున నిలబడి చూస్తోంది. చూస్తూ చూస్తూ చెంగు నడుముకి బిగించింది. ఏం చేస్తున్నదీ తెలిసే చేసింది.

కేక పెట్టింది. చావు కేక. ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో గానీ మొగ దాకా పోయింది.

ఇంజన్లు ఒక్కొక్కటే ఆగాయి. ముందు పోయిన పడవ గిర్రున తిరిగింది. శివకృష్ణ నడుములోతు నీళ్లలోకి దూకి ఒడ్డుకు పరుగెత్తుకొచ్చాడు. ఇళ్లలోంచి ఆడవాళ్లు బయటపడి, ముసలాళ్లున్న గుమ్మాల వంక చూశారు. కాశీవిశ్వనాథం కర్ర ఊతంతో తన గుమ్మంలోంచే వచ్చాడు.

"ఎవరమ్మా? ఎవరు?" అని శివకృష్ణ తల్లి భుజాలు పట్టి కుదిపాడు.

గంగరత్నం నోరు తెరిచింది. చెప్పడానికి మనిషి పేరేదీ లేదు. కొడుకు చొక్కా పిడికిట్లో పట్టుకుని అలాగే నిలబడింది. అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. పడవలోంచి ఎవడో కుర్రాడు విసుక్కోబోతే పక్కవాడు చెయ్యి పట్టి ఆపాడు.

"కేక వినబడిందిగా," అన్నాడు కాశీవిశ్వనాథం. "పైకి లాగండి."

పడవలు ఇసక మీదికి లాగారు. ఆ పూట ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగించలేదు. ఆ రోజు ఒక్క పడవా కదల్లేదు.

మర్నాడు పాటు నీటితో అన్నీ వెళ్లిపోయాయి. గంగరత్నం లోపల గొళ్లెం వేసుకుని, ఆఖరి ఇంజను చప్పుడు మొగ దాటేదాకా చెంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.